వైన్స్‌లో దొరకని వైన్

మన దగ్గర ‘వైన్స్’ అన్న బోర్డు లేని సెంటర్ ఉండదు. ఆ బోర్డు కింద అన్నీ దొరుకుతాయి... వైన్ తప్ప! ఒకవేళ ఉన్నా ఏ మూలనో దుమ్ము పట్టిన తియ్యటి సీసా ఒకటి ఉంటుంది. అందుకే మనలో చాలామందికి వైన్ అంటే సినిమాల్లో కాడ ఉన్న గ్లాసులో కనిపించే ఎర్ర నీళ్లే.

మొన్న సంక్రాంతికి సారపాకలో మా పెదనాన్న ఇంటికి వెళ్లాం. కాలిఫోర్నియా నుంచి అక్కా బావా కూడా వచ్చారు. భోజనాల ముందు బావ సంచిలోంచి ఓ సీసా తీసి బల్లమీద పెట్టాడు. పేపరు మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన పెదనాన్న, కళ్లజోడు పెట్టుకుని లేబుల్ చదవడం మొదలుపెట్టారు. పెద్దమ్మ మాత్రం ఒక్క మాట కూడా అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎందుకో నాకు తెలుసు. బావకే తెలియదు.

లేబుల్‌లో నాలుగే ముక్కలు

‘‘ఇంత చిన్న కాగితం మీద ఇంత రాతా? ఇందులో ఏది చూడాలి అల్లుడుగారూ?’’ అన్నారు పెదనాన్న.

‘‘నాలుగు చూస్తే చాలు మామయ్యా’’ అన్నాడు బావ. ‘‘ఏ ద్రాక్ష, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎంత శాతం.’’

మామిడిలో బంగినపల్లికీ రసానికీ ఎంత తేడానో ద్రాక్షలోనూ అంతే. కాబెర్నే సావిన్యాన్, షిరాజ్ అనేవి నల్ల ద్రాక్షలు. షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ తెల్లవి. మనం బండి మీద కొనుక్కునే ద్రాక్ష వేరు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పేరుమోసిన అనాబ్-ఎ-షాహి కూడా తినే పండే. వైన్ ద్రాక్ష చిన్నగా, గింజతో, మందపాటి తోలుతో ఉంటుంది. ఆ తోలుతో కలిపి పులియబెడితే ఎర్ర వైన్. తోలు తీసేసి రసం ఒక్కటే పులియబెడితే తెల్లది. అంతే తేడా!

ఊరు ఎందుకంటే, ఒకే ద్రాక్ష ఒక్కో నేలలో ఒక్కో రుచినిస్తుంది. మన దేశంలో నందికొండల దగ్గరి గ్రోవర్ వారి తొలి వైన్ 1992లో వచ్చింది. నాసిక్‌లో సులా వారిది 2000లో. కాలిఫోర్నియాలో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ద్రాక్ష కోస్తే, మన దగ్గర జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. ఇక సంవత్సరం సంగతి. ‘పాతదయ్యేకొద్దీ గొప్పది’ అన్నమాట అన్నింటికీ వర్తించదు. దుకాణాల్లో దొరికే వాటిలో ఎక్కువ శాతం రెండు మూడేళ్లలో తాగేయాల్సినవే.

మరి ధర? 1976లో పారిస్‌లో ఓ పరీక్ష జరిగింది. పేర్లు కనిపించకుండా దాచి, ఫ్రెంచి నిపుణులకే రుచి చూపించారు. ఎరుపులోనూ తెలుపులోనూ మొదటి స్థానం కాలిఫోర్నియా వైన్లకే దక్కింది. అంత పేరున్న ఫ్రాన్సు వెనకబడిపోయింది. అంతటి నిపుణులకే పేరు కనిపించకపోతే తీర్పు మారిపోయినప్పుడు, కొత్తవాళ్లు రేటు చూసి కంగారుపడటం ఎందుకు?

రుచికి మన మాటలు చాలవా?

బావ వైన్ గురించి మాట్లాడుతుంటే అన్నీ ఇంగ్లిషు మాటలే. పెదనాన్న వాటన్నిటికీ తెలుగు వెతికిపెట్టారు. నేరేడుపండు తిన్నాక నాలుక పట్టుకున్నట్టు ఉంటుందే, ఆ వగరు ద్రాక్ష తోలు నుంచీ గింజ నుంచీ వస్తుంది. ఎర్ర వైన్‌లో అది ఎక్కువ. చింతకాయలా నోట్లో నీళ్లూరిస్తే పులుపు. అది తెల్లదాంట్లో ముందు తెలుస్తుంది. తీపి మిగలకుండా పులిసిపోతే ‘డ్రై’ అంటారు. తడి సరుకు పొడిదెలా అయిందని మీరు బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు... తియ్యగా ఉండదని అర్థం.

కొత్తవాళ్లకి ఇంకో రెండు సంగతులు. ఎర్ర వైన్ ‘గది చల్లదనం’లో ఉండాలంటారు. ఆ గది యూరప్‌ది, ఇంచుమించు 18 డిగ్రీలు. ఎండాకాలం 40 దాటే భద్రాచలం ఒడ్డున అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. అలాగే, మన గోంగూర మాంసం, పచ్చిమిర్చి కారం పక్కన వగరు వైన్ ఇంకా మంటెక్కిస్తుంది. కాస్త తీపి ఉన్న చల్లటి తెల్లదే నయం.

జీలుగు చెట్టు కింద

‘‘మీ వైన్ సంగతి తెలిసింది. మరి మా వైన్ చూస్తారా?’’ అని పెదనాన్న మర్నాడు పొద్దున్నే మమ్మల్ని అడవి అంచున ఓ కోయగూడేనికి తీసుకెళ్లారు. కల్లుని ఇంగ్లిషువాళ్లు ‘పామ్ వైన్’ అనే అంటారు మరి!

తాటికల్లు, ఈతకల్లు అందరికీ తెలుసు. ఈ ఏజెన్సీలో ప్రత్యేకం జీలుగు. ఆకు చేపతోకలా ఉంటుంది. ఈతచెట్టుకు మాను గీస్తారు. తాటికీ జీలుగుకీ గెల కోసి, కారే రసం కుండలోకి పడతారు. కుండకు లోపల సున్నం రాస్తే అది పులవదు, నీరాగా ఉంటుంది. రాయకపోతే కుండలో అంటుకుని ఉన్న ఈస్టు మొదటి చుక్క నుంచే పని మొదలుపెడుతుంది. ద్రాక్షరసాన్ని వైన్ చేసేదీ ఆ ఈస్టే.

చెట్టు గలాయన నవ్వుతూ రెండు ఆకు డొప్పలు ఇచ్చాడు. ‘‘ఇది ఇప్పుడే దించిన సారూ, తియ్యగుంటది. ఎండెక్కినాక తాగితే పుల్లగుంటది, తలకెక్కుతది. రేపటికైతే ఇంకెందుకూ పనికిరాదు.’’

బావ డొప్ప ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత చిన్న గుక్క. ‘‘ఇక్కడ సంవత్సరం లేదు, గంట ఉంది’’ అన్నాడు ఆశ్చర్యంగా. నిజమే. మూత తీసిన వైన్ సీసా ఫ్రిజ్‌లో రెండు మూడు రోజుల్లో వెనిగర్ దారి పడుతుంది. కల్లు అదే ప్రయాణాన్ని ఒక్క రోజులో పూర్తిచేస్తుంది.

‘‘మంచి కల్లని ఎట్లా తెలుస్తుందన్నా?’’ అనడిగా.

‘‘కుండలో ఈగలు, చీమలు పడితే మంచిదే. సాయంత్రానికి పులవాలె. పులవలేదంటే అందులో ఏదో కలిసినట్టే’’ అన్నాడు. ఆ తర్వాత పైకి చూపించి, ‘‘అన్నిటికన్న మంచిది... చెట్టు మీద నుంచి దిగంగ చూసుడు’’ అన్నాడు.

ఈ ఆఖరి మాట చిన్నది కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లనే కల్లు పేరుతో అమ్మడం మన పట్టణాల్లో ఏళ్ల తరబడి ఉన్న జబ్బు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చెట్లు లేని చోట కల్లు పొంగిపొర్లుతోందంటే అనుమానించాల్సిందే. మార్చి, ఏప్రిల్‌లో ఇక్కడ రాలే ఇప్పపువ్వుతో సారా కూడా కాస్తారు. కోయల పండగల్లో దానికి చోటుంది కానీ, నాటుసారా కాయడం చట్టప్రకారం నేరం.

పెద్దమ్మ లెక్క

మధ్యాహ్నం ఇంటికొచ్చాక బావ హుషారుగా అన్నాడు... ‘‘కల్లు మంచిదే అత్తయ్యా, అయిదు శాతమే ఉంటుంది. వైన్‌లో పదమూడు.’’

ఈ మాట దగ్గరే మనం కాగితం, పెన్ను తీసుకోవాలి. 150 మిల్లీలీటర్ల వైన్ గ్లాసులో 13 శాతం అంటే సుమారు 20 మిల్లీలీటర్ల ఆల్కహాల్. 60 మిల్లీలీటర్ల విస్కీలో 42.8 శాతం చొప్పున దాదాపు 26. మరి లీటరు కల్లులో? 5 శాతం చొప్పున 50! అంటే ‘కల్లే కదా’ అని కూర్చుని లీటరు ఖాళీ చేసినవాళ్లు రెండు పెద్ద పెగ్గులు తాగినట్టే. ఏ మోతాదూ పూర్తిగా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది కూడా. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదన్నది చట్టం.

పెద్దమ్మ అప్పుడు నోరు విప్పింది. వాళ్ల తమ్ముడిది పదెకరాల వ్యవసాయం. ప్యాకెట్ సారా ఊరూరా అమ్మిన రోజులవి. మొదట పండక్కి, తర్వాత పొలం నుంచి వచ్చాక, ఆ తర్వాత పొద్దున్నే. 1991లో పోయాడు. పిల్లలిద్దరినీ పెద్దమ్మే పెంచింది. మరుసటి ఏడు నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సంగతి పేపర్లో చదివి, తనూ చుట్టుపక్కల ఆడవాళ్లను కూడగట్టుకుని సారా దుకాణం ముందు కూర్చుంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు.

‘‘మా తమ్ముడు కూడా రుచి బాగా తెలిసినవాడే బాబూ’’ అంది పెద్దమ్మ. ‘‘ఏ చెట్టు కల్లో వాసన చూసి చెప్పేవాడు. ఆ కాగితం మీద ద్రాక్ష పేరు రాశారు, ఊరు రాశారు, శాతం రాశారు. ఎక్కడ ఆపాలో రాశారా?’’

బావ సీసాని అటూ ఇటూ తిప్పి చూశాడు. రాయలేదు.

ఆ సాయంత్రం పెదనాన్న, బావ, నేను తలా ఒక్క గ్లాసు తీసుకున్నాం. రెండోసారి పోయబోయిన బావ చెయ్యి మధ్యలో ఆగింది. కార్కు తనే బిగించాడు. వంతెన దాటి రాముడి గుడికి వెళ్దామన్న ప్రోగ్రాం మర్నాటికి వాయిదా పడింది... కారు నడపాల్సింది బావే కదా! మిగిలిన సీసాని ఫ్రిజ్‌లో పెట్టింది ఎవరనుకున్నారు? పెద్దమ్మే. పాలగిన్నె పక్కన కాస్త చోటు చేసి, ‘‘రెండు రోజులే కదా బాగుండేది. ఆ తర్వాత నేనే పారబోస్తా’’ అంది.

మూడో రోజు అన్నట్టే పారబోసింది.