హక్కు కాగితమున, అప్పు నెత్తిన

శాసనము ఒక హక్కును ప్రసాదించి, దాని ననుభవించుటకు వలయు సాధనములను సమకూర్పనిచో, ఆ హక్కు గోడమీది పటమువంటిది; చూచుటకే గాని ఆకలి తీర్చుకొనుటకు పనికిరాదు. ట్రాన్స్‌జెండరు ప్రజల వైద్యము విషయమున మన దేశమున జరుగుచున్న దిదియే.

2014 ఏప్రిలు 15వ తేదీన సుప్రీంకోర్టు వీరిని తృతీయ లింగముగా గుర్తించి, ఆసుపత్రులలో తగిన వైద్యము కల్పింపుడని ప్రభుత్వముల నాదేశించినది. 2019లో పార్లమెంటు చేసిన చట్టపు 15వ సెక్షను లింగమార్పిడి శస్త్రచికిత్సకును, హార్మోను చికిత్సకును ఏర్పాట్లు చేసి, వ్యయమునకు బీమా కల్పించుట ప్రభుత్వముల విధిగా నిర్ణయించినది. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ క్రింద ఒక్కొక్కరికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చెల్లించు ఒప్పందమును కుదిరినది.

ఇన్ని జరిగిన పిమ్మట, 2023 ఫిబ్రవరిలో నెల్లూరులో సంభవించిన దేమి? వైద్యులు కాని ఫార్మసీ విద్యార్థులు ఒక లాడ్జిగదిలో ఈ శస్త్రచికిత్సకు పూనుకొనగా ఒక నిండుప్రాణము బలియైనది. అట్టి గదులకు పోవువారు తెలివిమాలి పోవుటలేదు. ప్రైవేటు ఆసుపత్రి లక్షలడుగును, సర్కారు ఆసుపత్రిలో దారిచూపువా రరుదు, ఇంటివారు గెంటివేసిరి, బ్యాంకు అప్పీయదు. ఇక మిగిలినది వడ్డీవ్యాపారి, లేదా నాటుకత్తి. శస్త్రచికిత్సతో వ్యయము ముగియునా? హార్మోను మందులు, రక్తపరీక్షలు ఏండ్లతరబడి సాగవలయును.

ఈ సోకుపనులకు ప్రజాధనమేల యని కొందరు పెద్దమనుష్యు లడుగుచున్నారు. గ్రహణమొర్రిని సరిచేయుట సోకు గాదు గదా! ఏ దేహమునకు ఏ చికిత్స యవసరమో తేల్చువాడు వైద్యుడు, అరుగుమీది విమర్శకుడు కాడు. నాటుకత్తిపాలై రక్తమోడుచు వచ్చినవారిని తుదకు చేర్చుకొనునది ఆ సర్కారు ఆసుపత్రియే. ముందు చేయని ధర్మము వెనుక దండుగ యగుచున్నది.

పొరుగువారిని చూతము. తమిళనాడు 2008లోనే సంక్షేమమండలిని స్థాపించి ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా ఈ శస్త్రచికిత్సలు చేయించినది. కేరళ 2018లో రెండు లక్షల రూపాయల వరకు సహాయము ప్రకటించినది. మన హైదరాబాదునందు 2021లో వెలసిన ప్రత్యేక వైద్యశాల అమెరికా ధనముపై నడచి, ఆ ధన మాగినంతనే 2025లో మూతపడినది. పిదప దేశీయ దాతృత్వమున వేరొక పేరుతో తెరువబడినది. పరుల దయపైగాని, దాతల చిత్తముపైగాని ఆధారపడిన వైద్యము ఎన్నాళ్లు నిలుచును?

కావున రెండు తెలుగు ప్రభుత్వములును బోధనాసుపత్రులయందు శస్త్రవైద్యుడు, హార్మోను వైద్యుడు, మానసిక వైద్యుడు కలసి పనిచేయు విభాగములను నెలకొల్పవలయును. ఏ ఆసుపత్రి బీమాకార్డును అంగీకరించునో జిల్లాజిల్లాయందు ప్రకటింపవలయును. హార్మోను మందులను ఆసుపత్రి మందులకొట్టులోనే ఉచితముగా నీయవలయును. చదువరులు తమ శాసనసభ్యులను ఈ ప్రశ్న యడుగుదురుగాక: చట్టము చేసి యిన్నేండ్లైనను, మన జిల్లాలో ఈ చికిత్స చేయు సర్కారు ఆసుపత్రి యేది?