ఇంటింటి ఇంజనీరింగు: ఆపే మీట లేని కానుక

మన ఖరగ్‌పూర్‌లో ప్రతి మాసాంతమునా ఎవరో ఒకరి ఇంటికి శాలువా, పూలదండ, గోడగడియారము చేరుతూనే ఉంటాయి. కొన్నేళ్ళ క్రిందట మా బావగారు పదవీ విరమణ చేసినపుడు నేనూ ఆ ఆనవాయితీనే అనుసరించి, గోల్‌బజారుకు వెళ్ళి ఒక సంగీత గడియారము కొన్నాను. గంటగంటకూ ఒక రాగము పలికి, ఆ పిమ్మట గంటలు కొడుతుంది. సభలో అందరూ మెచ్చుకున్నారు.

పదిహేను దినముల తరువాత వెళ్ళి చూతును గదా, గడియారము నాలుగు గంటల పది నిమిషముల వద్ద నిలిచి ఉన్నది. బ్యాటరీలు తీసివేసినవాడు మా మేనల్లుడు. ముప్పది ఏండ్లవాడు, ఇంటివద్ద కంప్యూటరుపై లెక్కల పని చక్కగా చేసుకొనేవాడు. అతనికి ఆటిజం ఉన్నదని వైద్యులు చెప్పినది ఇరవై ఆరవ ఏట. అంతవరకు మా బంధువర్గమంతా అతనిని పెంకివాడనే అనుకొన్నాము. అందులో నేనూ ఉన్నాను.

"మామయ్య ఏమనుకుంటాడురా!" అని అక్క మందలించింది. అతడు నా వంక చూడకుండానే, "మామయ్యా, దీనికి ఆపే మీట లేదు" అన్నాడు. అంతలో బావగారు మెల్లగా, "వాడు తీసినది మంచిదే అయినది. గంట కొట్టినప్పుడల్లా నాకూ గుండె అదిరేది. మీరిచ్చినది కదా అని ఊరుకున్నాను" అన్నారు.

బావగారి సంగతి ఇంజనీరుగా నాకు ముందే తట్టి ఉండవలసినది. ఏండ్ల తరబడి ఇనుప రేకుల మోతలో పనిచేసిన చెవికి చిన్న ధ్వనులు వినపడవు. అయితే పెద్ద ధ్వనిని భరించగల హద్దు అందుకు తగినట్లు పెరగదు, ఒక్కొక్కరిలో తగ్గుతుంది కూడా. వినపడే హద్దుకూ బాధించే హద్దుకూ మధ్య చోటు ఇరుకైపోతుంది. అందుచేతనే చెవుడు వచ్చిన పెద్దవారు "గట్టిగా చెప్పు" అని, మరుక్షణమే "అరవకు" అంటారు. మనము వారిని విసుగుమనుషులంటాము.

మేనల్లునికి చెవితో పాటు చర్మము, కన్ను, ముక్కు అన్నీ అట్లే. స్పర్శకు, ధ్వనికి, వెలుగుకు అతిగా గాని అత్యల్పముగా గాని స్పందించుటను అమెరికా మనోవైద్యులు 2013లో వెలువరించిన తమ ప్రామాణిక గ్రంథమున ఆటిజం లక్షణములలో చేర్చారు. మన దేశములో 2016 నాటి చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఆటిజం ఒకటి. ఇవేవీ తెలియని రోజులలో, స్టేషనుకు వెళ్ళినప్పుడల్లా ఇతడు మమ్మల్ని విడిచి మన 1072 మీటర్ల ప్లాట్‌ఫారం చివరి వరకు ఎందుకు నడచిపోయేవాడో అర్థమయ్యేది కాదు. అక్కడ లౌడ్‌స్పీకరు మోత తక్కువ, అంతే.

టెంపుల్ గ్రాండిన్ అనే అమెరికా పశుశాస్త్రవేత్త కథ ఇచట చెప్పక తప్పదు. ఆటిజం ఉన్న ఆమెకు మనుషులు కౌగిలించుకుంటే భరించరానిదిగా ఉండేది. గట్టి ఒత్తిడి మాత్రము హాయినిచ్చేది. 1960వ దశకములో, పశువులను కదలకుండా పట్టియుంచే చట్రమును చూచి, తనను రెండు ప్రక్కల నుండి ఒత్తే యంత్రమును తానే చేసుకొన్నది. ఒత్తిడి ఎంత, ఎంతసేపు అనునది ఆమె చేతిలోని మీటపై ఉండేది. చుట్టాల కౌగిలికి ఆ మీట ఏదీ?

అప్పటి నుండి ఏ కానుక కొనబోయినా మీట ఎవరి చేతిలో ఉన్నదని చూచుకొంటున్నాను. అగరుబత్తీలు, అత్తరు, గదిలో పెట్టే సువాసన సీసాలు మానివేశాను. వాసనను వెనుకకు పిలువలేము. చోకు ఉన్న పాత ట్యూబులైటు మన 50 హెర్ట్‌జ్ విద్యుత్తుపై సెకనుకు నూరుమార్లు మినుకుమంటుంది. చౌకరకపు ఎల్ఈడీ దీపములలోనూ ఆ జబ్బు ఉన్నది. బల్లదీపము కొనేముందు మొబైల్ కెమెరాతో చూడండి, తెరపై అడ్డచారలు కదిలితే కొనవద్దు. శబ్దమును అణచే హెడ్‌ఫోనులు ఫ్యాను, ఇంజను వంటి ఎడతెగని మోతను బాగా తగ్గిస్తాయి. మాతపూజనాటి డప్పుదెబ్బకు అంతగా పనికిరావు. బరువైన దుప్పటి కొందరికి హాయి అంటారు. పుస్తకము చదివి నేనూ తెప్పించాను. వైశాఖమాసపు ఖరగ్‌పూర్‌లో అది కప్పుకొనుమనుట శిక్షాస్మృతిలో చేర్చదగిన విషయము. జనవరిలో మాత్రము వాడుకొంటున్నాడు.

అతనికి అన్నిటికన్న నచ్చినది మన జిల్లాలోని సబంగ్ వారు మాదుర్‌కాఠి గడ్డితో నేసే చాప. చల్లగా, నున్నగా, ఏ వేళ తాకినా ఒకే తీరుగా ఉంటుంది.

బట్టల విషయములోనే చిక్కు వచ్చినది. పోయిన సంక్రాంతికి శ్రీకాకుళము వెళ్ళినపుడు పొందూరు ఖద్దరు తెచ్చి, కాలరు లేకుండా చొక్కా కుట్టించి, లోపలి చీటీ కత్తిరించి, మెత్తబడే వరకు నాలుగు ఉతుకులు ఉతికించాను. అక్క ససేమిరా అన్నది. "ఉతికిన బట్ట కొత్తబట్ట ఎట్లవుతుందిరా? పండుగపూట పాతబట్ట పెడతావా?" ఆమె బాధా అర్థము లేనిది కాదు. చివరకు మేనల్లుని అడిగితే, "పసుపు వాసన ఫరవాలేదు మామయ్యా. అంచుకు పెట్టు, మెడ దగ్గర వద్దు" అన్నాడు. అట్లే పసుపు పెట్టి ఇచ్చాము. కాగితము చుట్టలేదు, రంగు, కొలత ముందే చెప్పాము. అందరి ఎదుట విప్పి చూపుమనలేదు. ఆ దినమంతా ఆ చొక్కాతోనే ఉన్నాడు. పండుగ భోజనానికి అతడు పంక్తిలో మాతో కూర్చొనుట మా అక్క చాలా ఏండ్ల తరువాత చూచినది.

వారి గోడపై ఇప్పుడు సెకను ముల్లు చప్పుడు లేకుండా జారే గడియారము ఉన్నది. తండ్రీకొడుకులు కలిసి ఎంచుకొన్నారు. పాతది నేను మా ఇంటికి తెచ్చుకొన్నాను. మూడవనాటి రాత్రి పన్నెండు కొట్టిన తరువాత మా ఇల్లాలు లేచి దాని బ్యాటరీలు తీసివేసినది.