బండి బరువు, పని బరువు

తెలుగు చేయడానికి సులభంగా లొంగని ఆంగ్లపదాలలో ‘డౌన్‌సైజ్’ ఒకటి. 1970 దశకంలో, చమురు సంక్షోభం తరువాత, అమెరికా కార్ల పరిశ్రమ తన భారీ వాహనాలను చిన్నవిగా మలచేటప్పుడు వాడుకలోకి తెచ్చిన మాట అది. తరువాతి కాలంలో ఉద్యోగులను తొలగించే సంస్థలకు అదే మర్యాదైన ముసుగు అయినది. దానిని సందర్భాన్నిబట్టి ‘తగ్గించుకోవడం’ అనవచ్చు, ‘కుదించుకోవడం’ అనవచ్చు, ‘వదులుకోవడం’ అనీ అనవచ్చు. అనువాదకుడు వీటిలో ఒకదానిని ఎంచుకొని తరువాతి వాక్యానికి సాగిపోతాడు. కాని ఉన్న ట్రాక్టరును ఉంచుకోవాలా, అమ్మి అంతకంటె చిన్న యంత్రాన్ని తెచ్చుకోవాలా అని తర్కించుకొనే రైతు కుటుంబానికి ఈ మూడు మాటల మధ్య ఉన్న తేడా చాలా పెద్దది.

గూడూరు ప్రాంతంలో మా అన్నయ్యకు నాలుగెకరాల నిమ్మతోట, రెండెకరాల మాగాణి ఉన్నవి. తొమ్మిదేళ్లుగా ఆయన సేద్యమంతా 22 అశ్వశక్తిగల ఒక చిన్న ట్రాక్టరు మీదనే నడుస్తున్నది. ఆయన వయస్సు ఇప్పుడు 63. నిరుడు హైదరాబాదు నుండి వచ్చిన కుమారుడు, “ఆరెకరాలకు ట్రాక్టరు ఎందుకు నాన్నా? అమ్మేసి పవర్ టిల్లరు తెచ్చుకుంటే సరిపోతుంది గదా!” అన్నాడు. తండ్రి బదులు చెప్పలేదు. “బాబాయినే లెక్క కట్టమను” అని మాత్రం అన్నాడు.

ఆ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు, 2015-16 నాటికి అది 1.08 హెక్టార్లకు తగ్గినది. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్‌లో సగటు 0.94 హెక్టారు, తెలంగాణలో 1.00 హెక్టారు. పొలం చిన్నదవుతుంటే యంత్రమూ చిన్నది కావాలని అనిపించడం సహజం.

యంత్రం చిన్నదయితే పని చిన్నదవుతుందని అనుకోనక్కరలేదు. ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ ఈ విషయాన్ని దాదాపు శతాబ్దం క్రిందటనే గ్రహించినాడు. నాగలిని వెనుక గొలుసుతో కట్టి ఈడ్చడానికి బదులు, మూడు చోట్ల బిగించి హైడ్రాలిక్ శక్తితో అదుపు చేస్తే, భూమి నాగలిని పట్టి లాగే బలమే ట్రాక్టరు వెనుక చక్రాలను నేలకు అదిమిపెడుతుందని ఆయన నిరూపించినాడు. పట్టు కోసం బండిని అనవసరంగా బరువెక్కించవలసిన అగత్యం అంతటితో తగ్గిపోయినది. 1946 నుండి పదేళ్లపాటు ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన ఆయన బూడిదరంగు ట్రాక్టరు టన్నుకు కొంచెమే ఎక్కువ తూగేది. అటువంటివి అయిదు లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. నేడు మన పల్లెల్లో తిరిగే ప్రతి ట్రాక్టరు వెనుకా ఆ మూడు బిగింపులే కనిపిస్తాయి. కాబట్టి బండి పరిమాణాన్ని పొలం విస్తీర్ణంతోగాక, అది చేయవలసిన పనితో కొలవడం న్యాయం.

పనిని కొలవడానికి మంచి సాధనం ట్రాక్టరు మీదనే ఉన్నది. అది గంటల మీటరు. అన్నయ్య పుస్తకంలో వ్రాసుకొన్నదాని ప్రకారం, తోటలో సాళ్ల మధ్య ఏడాదికి ఆరుసార్లు రోటవేటరు తిప్పడానికి 48 గంటలు, మాగాణిలో దమ్ముకు 15, ఎరువులూ నిమ్మకాయల బస్తాలూ తోలడానికి 40, మందు పిచికారీకి 20, వెరసి 123 గంటలు పట్టినవి.

ఇక ఖర్చు. ఇక్కడ తొమ్మిదేళ్ల క్రిందట పెట్టిన ధరను మరచిపోవాలి. ఆ డబ్బు తిరిగి రాదు. చూడవలసింది నేడు అమ్మితే ఎంత వస్తుందన్నది. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుండి 5 శాతానికి తగ్గినది. కొత్త బండి చౌక అయితే పాత బండికి పలికే ధర కూడా దిగుతుంది. మా ట్రాక్టరుకు రెండు లక్షలు వస్తాయనుకొన్నాము. ఆ సొమ్ము బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ 14,000; బండి విలువలో ఏటా తరుగు 20,000; బీమా, మరమ్మతులు 16,000. నడిపినా నడపకపోయినా ఈ 50,000 రూపాయల భారం తప్పదు. డీజిలుకు గంటకు 250 వేసుకొంటే 123 గంటలకు మొత్తం 80,750 అవుతుంది. అదే పనికి బయటి ట్రాక్టరును పిలిస్తే, గంటకు సగటున 1,000 చొప్పున బాడుగ 1,23,000.

ఈ లెక్కలోనే ఒక గీత కనిపిస్తుంది. ఏడాదికి సుమారు 67 గంటలు దాటి నడిస్తే సొంత బండి లాభం. అంతకు తక్కువయితే బాడుగే మేలు. ధరలు ఊరినిబట్టి మారుతాయి గనుక గీత కూడా జరుగుతుంది. కాని ఎవరి గీతను వారు ఒక సాయంత్రం కూర్చుని గీసుకోవచ్చు.

బాడుగతో పోల్చినప్పుడు తేలినది ఇది. కుమారుడు అడిగినది టిల్లరు సంగతి. పాత ట్రాక్టరు అమ్మగా వచ్చేదానికీ కొత్త టిల్లరుకు పెట్టేదానికీ మా లెక్కలో పెద్ద తేడా కనబడలేదు. ఖర్చు పడేది మరొక చోట. టిల్లరు వెనుక మనిషి నడవాలి. దాని కోత వెడల్పు 60 సెంటీమీటర్లనుకొంటే, ఒక ఎకరం పూర్తి కావడానికి సుమారు 6.7 కిలోమీటర్లు నడవాలి. నాలుగెకరాలకు 27 కిలోమీటర్లు. ఏడాదికి ఆరుసార్లంటే 162. చెట్ల పాదులను మినహాయించినా వందకు తగ్గదు. అదీ పిడి అదురును రెండు చేతులా భరిస్తూ, ప్రతి సాలు చివరా యంత్రాన్ని మళ్లిస్తూ. ముప్పయ్యేళ్ల మనిషికి ఇది కష్టం కాకపోవచ్చు. అరవై మూడేళ్ల మనిషి విషయంలో యంత్రం నుండి తగ్గించిన బరువు నడుము మీదికీ మోకాళ్ల మీదికీ చేరుతుంది. అమ్మకం కాగితంలో కనిపించని పద్దు ఇది.

మరి యంత్రమే లేకుండా బాడుగకు పిలిస్తే? అన్నయ్య నోరు విప్పినది ఇక్కడనే. “వాన పడిన తరువాత పదును రెండు మూడు రోజులే ఉంటుందిరా. బాడుగ బండి ముందు ఇరవై ఎకరాల ఆసామి దగ్గరికి పోతుంది. మన వంతు వచ్చేసరికి నేల గట్టిపడుతుంది” అన్నాడు. పైగా ఊళ్లో బాడుగకు దొరికేవి చాలావరకు 45 అశ్వశక్తికి పైబడిన పెద్ద బండ్లు. అవి ముదిరిన నిమ్మచెట్ల సాళ్ల మధ్య దూరితే కొమ్మలు విరుగుతాయి. రెండు టన్నుల బరువుకు తడినేల అణగిపోతుంది. సేద్యంలో అదనుకు ఉన్న విలువను ఏ గంటల మీటరూ చూపలేదు.

చివరకు మేము చేసినదేమిటి? ట్రాక్టరును ఉంచుకొన్నాము. దమ్ము పనిని మాత్రం దానిమీద నుండి తీసివేసినాము. అన్నిటికంటె బండిని అరగదీసేదీ, బురదలో ఆయన ఒంటరిగా చేయకూడనిదీ అదే. మాగాణికి ఇకమీదట బాడుగ బండి వస్తుంది. చెట్లులేని చేలో దాని పెద్ద శరీరం ఎవరికీ అడ్డు రాదు. దమ్ము చక్రాలను అమ్మివేసినాము. అది పోగా మిగిలినవి 108 గంటలు. గీతకు ఇంకా చాలా పైనే ఉన్నవి.

దానితోపాటు ఒక షరతు కూడా వ్రాసుకొన్నాము. వరుసగా రెండేళ్లు గంటలు 67కు దిగితే, లేదా సీటు ఎక్కడానికి అన్నయ్యకు మరొకరి చేయి అవసరమయితే, మరుసటి సంక్రాంతిలోగా బండిని అమ్మివేయాలి. ఈ రెండవ మాట ఆయనే చెప్పి వ్రాయించినాడు. ఆ సమయంలో కుమారుడు తల వంచుకొన్నాడు. తండ్రి బండిని గురించి వాదిస్తున్నాడని అతడు అంతవరకు అనుకొన్నాడు. తోటకు తాను స్వయంగా వెళ్లగలిగిన రోజులను గురించి ఆయన మాట్లాడుతున్నాడని అప్పుడు తెలిసినది.

మీ ఇంట ఇటువంటి తర్జనభర్జన జరుగుతుంటే, అమ్మకం ధర అడగడానికి ముందు ఒక కాగితం మీద ఈ యంత్రం ఏడాదిలో చేసే పనులన్నీ వ్రాయండి. ప్రతి పనికీ ఎదురుగా, రేపటినుండి దానిని ఎవరు, ఏ శరీరంతో చేస్తారో వ్రాయండి. ఎదురుగా పేరు దొరికిన పనులను తగ్గించుకోవచ్చు. పేరు దొరకని పని మిగిలినంతకాలం బండిని కొట్టంలోనే ఉండనివ్వండి.