మూడు లోంచి ఒకటి తీస్తే సున్నా

మా ఆఫీసులో నాకంటే ఎనిమిదేళ్ళు సీనియర్ ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండు వచ్చిన మొదటి చలికాలం వాళ్ళింట్లో పప్పన్నం తిని బతికినవాణ్ణి కాబట్టి ఆయన్ని అన్నా అనీ, ఆవిడని వదినా అనీ పిలుస్తాను. పెళ్ళై చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. మన వాళ్ళ ఫంక్షన్లకి వెళ్తే ఎవరో ఒకరు "ఇంకా విశేషమేమీ లేదా?" అని అడగడం, వదిన నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోవడం.. ఇదంతా చూస్తూనే ఉన్నాను.

2022 లో ఒకరోజు మాటల్లో ఐ.వి.ఎఫ్. ప్రస్తావన వచ్చింది. "ఇక్కడ ప్రైవేటులో అయిదు వేల పౌండ్ల పైమాటే. అదే హైదరాబాద్ వెళ్తే సగం కంటే తక్కువలో అయిపోతుంది. పైగా అత్తయ్యగారు దగ్గరుండి చూసుకుంటారు" అని ఉచిత సలహా పారేసిన మహానుభావుణ్ణి నేనే. వాళ్ళు వెళ్ళారు. సెలవులన్నీ కలిపి వాడుకుని ఒక సైకిల్ చేయించుకున్నారు. నిలవలేదు. తిరిగొచ్చారు.

2024 లో వాళ్ళకి ఐ.ఎల్.ఆర్., అంటే శాశ్వత నివాసం, వచ్చింది. ఇక ఎన్.హెచ్.ఎస్. లో ఉచితంగా చేస్తారని ఆశగా వెళ్ళారు. ఫారం లో ఒక ప్రశ్న: ఇంతకు ముందు ఐ.వి.ఎఫ్. చేయించుకున్నారా, ఎన్ని సార్లు? నిజం రాశారు. కొన్ని వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. "మీరు ఇప్పటికే ఒక సైకిల్ పూర్తి చేశారు కాబట్టి మా నిబంధనల ప్రకారం అర్హులు కారు". అంతే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సలహా ఇచ్చింది నేను కదా! అసలు ఈ రూలు ఏమిటా అని తవ్వడం మొదలుపెట్టాను. నాకర్థమైంది చెప్తాను.

ఏ చికిత్స ఎవరికి ఇవ్వాలో ఎన్.హెచ్.ఎస్. కి సిఫార్సు చేసే సంస్థ పేరు నైస్. వాళ్ళు 2013 లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రెండేళ్ళు ప్రయత్నించినా గర్భం రాని 40 ఏళ్ళ లోపు స్త్రీలకి మూడు పూర్తి సైకిళ్ళు ఇవ్వాలి. పూర్తి సైకిల్ అంటే ఒకసారి మందులిచ్చి అండాలు తీసి, వాటి నుంచి తయారైన పిండాలన్నీ, ఫ్రీజ్ చేసిన వాటితో సహా, వాడేయడం. ఇంకో మాట కూడా చెప్పారు: సొంత డబ్బుతో చేయించుకున్నవి కూడా ఆ మూడు లోంచే లెక్క. అంటే ఒకటి ప్రైవేటులో అయిపోతే ఎన్.హెచ్.ఎస్. ఇంకో రెండు ఇవ్వాలి. ఇది న్యాయంగానే ఉంది, నాకేమీ పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, ఇంగ్లండు లో నైస్ చెప్పింది సిఫార్సు మాత్రమే. డబ్బు చేతిలో ఉండేది స్థానిక బోర్డుల దగ్గర. 2022 జూలై లో ఇవి 42 బోర్డులుగా ఏర్పడ్డాయి. చాలా చోట్ల మూడు కాదు, ఒక్కటే సైకిల్ ఇస్తున్నారు. ప్రైవేటు సైకిళ్ళని లెక్కపెట్టే పద్ధతి కూడా ఒక్కో చోట ఒక్కో రకం. పిన్ కోడ్ మారితే అర్హత మారిపోతుంది.

మన భాషలో చెప్పాలంటే, ఒక ప్రోగ్రాం లో గరిష్ఠ సంఖ్య మూడు అని ఉంది. కింద ఇంకో లైను: "బయట చేయించుకున్నవి ఇందులోంచి తీసెయ్". రెండూ కలిపి రాసినవి, కలిపితేనే అర్థం. తర్వాత ఖర్చు తగ్గించాలని ఎవరో వచ్చి మూడుని ఒకటి చేసి, కింద లైనుని అలాగే వదిలేశారు. మూడు లోంచి ఒకటి తీస్తే రెండు. ఒకటి లోంచి ఒకటి తీస్తే సున్నా. మొదట "కొంత తగ్గించు" అని అర్థమున్న లైను ఇప్పుడు "గెంటెయ్" అని అర్థమిస్తోంది. ఇలాంటి మార్పు రివ్యూకి వస్తే మనలో ఎవరైనా ఒప్పుకుంటామా?

ఇంకో బగ్ మనలాంటి వాళ్ళకే ప్రత్యేకం. వీసా మీద వచ్చే వాళ్ళు 2015 నుంచి ఆరోగ్య సర్‌చార్జి కడుతున్నారు. మొదట్లో ఏడాదికి 200 పౌండ్లు, 2019 లో 400, 2020 లో 624, 2024 ఫిబ్రవరి నుంచి 1,035. అది కట్టాక కాన్పైనా, గుండె ఆపరేషనైనా విడిగా డబ్బు తీసుకోరు. కానీ 2017 ఆగస్టు 21 నుంచి ఇంగ్లండు లో ఐ.వి.ఎఫ్. లాంటి చికిత్సలని ఇందులోంచి తీసేశారు. మా అన్నా వదినా మూడేళ్ళకి 400 చొప్పున, తర్వాత రెండేళ్ళకి 624 చొప్పున ఇద్దరూ కట్టింది దాదాపు 4,900 పౌండ్లు. పన్నులు వేరే. ఆ అయిదేళ్ళూ "మీకు లేదు, కావాలంటే బయట చూసుకోండి" అన్నారు. బయట చూసుకున్నాక "బయట చూసుకున్నారు కాబట్టి ఇక లేదు" అంటున్నారు. అయిదేళ్ళు ఆగమందామా అంటే, వయసు ఆగదు. ముప్ఫై ఒకటి ముప్ఫై ఆరయ్యేసరికి అవకాశాలు తగ్గుతాయని డాక్టర్లే చెప్తారు.

అవతలి వాళ్ళ వాదన కూడా చెప్పాలి. డబ్బు పరిమితం. యునైటెడ్ కింగ్డమ్ లో ఐ.వి.ఎఫ్. సైకిళ్ళలో ఎన్.హెచ్.ఎస్. ఖర్చుతో జరిగేవి 2019 లో 35 శాతం ఉంటే 2023 కి 27 శాతానికి పడిపోయాయి. ఉన్న కొద్దిపాటిని ఒక్కసారి కూడా అవకాశం దొరకని వాళ్ళకి ముందు ఇవ్వడం తప్పెలా అవుతుంది? రెండోది, కొన్ని సార్లు విఫలమయ్యాక తర్వాతి ప్రయత్నం ఫలించే అవకాశం తగ్గచ్చు. రెండూ కొట్టిపారేసే మాటలు కాదు.

కానీ వైద్య కారణమే అయితే చూడాల్సింది వయసు, ఎన్ని అండాలొచ్చాయి, పిండాలెలా ఉన్నాయి, ఎందుకు నిలవలేదు.. ఇవి. బిల్లు ఎవరు కట్టారన్నది కాదు. ఇక "లేని వాళ్ళకి ముందు" అన్నదే కారణమైతే, అప్పు చేసో, నగలమ్మో ఒక్కసారి చేయించుకున్న వాళ్ళని ఉన్న వాళ్ళ లెక్కలో వెయ్యడం ఏం న్యాయం? నిజంగా ఉన్న వాళ్ళు ఈ క్యూ లోకి రానే రారు. విచిత్రం ఏంటంటే, స్త్రీలు ఇద్దరు జంటగా ఉంటే చాలా బోర్డులు ముందు సొంత ఖర్చుతో కృత్రిమ గర్భధారణ ప్రయత్నాలు చేసి రమ్మనేవి. ఆ అడ్డంకి తీసేస్తామని 2022 లో ప్రభుత్వం మాట ఇచ్చింది. ఒకరికేమో డబ్బు పెట్టి రా అని, ఇంకొకరికేమో డబ్బు పెట్టావు కాబట్టి పో అని!

నన్ను అన్నిటికంటే భయపెట్టింది వేరే. ఈ సంగతి తెలిశాక నలుగురు తెలుగు వాళ్ళు అన్నమాట ఒకటే: "అసలెందుకు చెప్పారండీ? హైదరాబాద్ లో చేయించుకుంది వీళ్ళకెలా తెలుస్తుంది?" నిజమే, తెలియదు. కానీ క్రితం సారి ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చారు, శరీరం ఎలా స్పందించింది అన్నది తర్వాత చేసే డాక్టరుకి చాలా పనికొచ్చే సమాచారం. అది దాచిపెడితే నష్టం వదినకే. నిజం చెప్పిన వాళ్ళని శిక్షించి, దాచిన వాళ్ళకి బహుమతి ఇచ్చే రూలు మంచి రూలు కాదు. అన్న మాత్రం "డాక్టర్ దగ్గర అబద్ధం చెప్పి బిడ్డని కనాలా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. బయట చేయించుకున్నవి లెక్కపెట్టదలచుకుంటే నైస్ చెప్పినట్టు మూడు లోంచే లెక్కపెట్టండి. ఒక్కటే ఇస్తానంటే లెక్కపెట్టడం మానేయండి. అర్హత లేని కాలంలో చేయించుకున్న దాన్ని అర్హతకి అడ్డు పెట్టకండి.

అప్పటిదాకా, ఇండియా టికెట్టు కొనేముందు మీ ప్రాంతపు బోర్డు పాలసీ పూర్తిగా చదవండి. బయటి సైకిళ్ళని ఎలా లెక్కపెడతారు, ఫ్రీజ్ చేసిన పిండాలుంటే ముందు అవి వాడాలంటారా, వయసు పరిమితి ఎంత, ఎవరికైనా ముందే బిడ్డ ఉంటే ఒప్పుకుంటారా, ఇవన్నీ చూసుకోండి. అక్కడ చేయించుకుంటే కాగితాలన్నీ అడిగి తెచ్చుకోండి. నేను ఇవ్వాల్సిన సలహా ఇదీ. రెండేళ్ళు ఆలస్యంగా ఇస్తున్నాను.

మొన్న వాళ్ళింటికెళ్ళి "నా వల్లే కదా వదినా" అన్నాను. "నువ్వు చెప్పకపోయినా వెళ్ళేవాళ్ళం లేరా, ఎన్నాళ్ళని కూర్చుంటాం" అని పప్పులో ఇంకాస్త నెయ్యి వేసింది. ఇప్పుడు మళ్ళీ డబ్బు కూడబెడుతున్నారు.