అరువు తెచ్చిన వరుసలు

చెన్నపట్టణమున ఆంధ్రులు పదుగురు చేరినచోట పాట లేకుండ సభ ముగియదు. ఉగాది యైనను, పెండ్లి యైనను, సంఘ వార్షికోత్సవమైనను, ఉపన్యాసములు ముగిసిన వెంటనే ఎవరో యొకరు ఘంటసాల పాటయో, బాలసుబ్రహ్మణ్యము పాటయో అందుకొందురు. ఇంతవరకు ఎవరికిని ఆక్షేపణ లేదు. అయితే ఇప్పుడు పాట సభతో ముగియుట లేదు. శ్రోతలలో నొకరు దానిని చేతిఫోనున పట్టి ఆ రాత్రియే యూట్యూబున పెట్టుచున్నారు. తెల్లవారునప్పటికి యంత్రమే పాటను పోల్చుకొని, ఇది ఫలానావారి సొత్తనియు, దీనిపై వచ్చు ప్రకటనల రాబడి వారికే చెందుననియు తాఖీదు పంపుచున్నది.

అట్టి తాఖీదు నొకదానిని చేతబట్టుకొని ఇటీవల ఒక యువ ఇంజనీరు మా యొద్దకు వచ్చెను. అతడు పాడినది 1953వ సంవత్సరపు దేవదాసు చిత్రములోని పాట. “నేను దొంగనా?” యని సూటిగ నడిగెను. దొంగవు కావు, కాని పూర్తిగ నిర్దోషివియు కావని న్యాయవాదులకు సహజమైన సమాధానము చెప్పితిమి. అది అతనికి తృప్తి కలిగించినట్లు తోచలేదు. నిజము చెప్పవలెనన్న మాకును కలిగింపలేదు. కావున ఈ విషయమును కొంత వివరముగ విచారింపదలచితిమి.

ఒకరి వరుసను మరియొకరు తీసికొనుట మన సంగీతమున ఏనాడును నేరము కాదు. ముత్తుస్వామి దీక్షితులు ఈ పట్టణపు పొరుగుననే మణలిలో నున్న కాలమున కోటలోని తెల్లవారి బ్యాండు వినెనని చెప్పుదురు. ఆ వరుసలకు ఆయన సంస్కృత సాహిత్యము కూర్చెను. ఆంగ్లేయుల రాజగీతపు వరుస సైతము ఆయన చేతిలో దేవీస్తుతి యయ్యెను. వానిని నేటికిని నోట్టుస్వరములని పిలుచుచున్నాము. ఆ పేరే వాని పుట్టుక చెప్పుచున్నది గదా! తెలుగు నాటకమునకు పాటలు తెచ్చిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలు. కన్నడము, తెలుగు, మరాఠీ ఒక్క వీధిలో వినవచ్చు నా పట్టణమున ఆయన నాటకములాడించుచుండగా, నాటక సమాజములు ఒకరి వరుసలు మరియొకరు ఎత్తుకొనుట నిత్యకృత్యము. దానిని ఎవరును దాచిపెట్టలేదు. పాత నాటకములను, భజనకీర్తనల పుస్తకములను తిరుగవేసినచో పాటపాటకును తలపై చిన్న అక్షరములలో “ఫలానా పాట వరుస” అనియో, “ఫలానా పాట మెట్టు” అనియో యచ్చు వేసియుండుట చూడవచ్చును. స్వరలిపి చదువనేరని పాఠకునకు వరుస తెలియుటకే అది వేసిరనుట నిజము. కాని దాని వలన మరియొక ఫలముకూడ కలిగినది. అప్పిచ్చిన వాని పేరు అప్పుపత్రము మీదనే నిలిచినది.

చలనచిత్రము వచ్చిన పిదప ఈ తలకట్టు మాయమైనది. వరుసలు మాత్రము ఎప్పటివలెనే ప్రయాణము చేయుచున్నవి. 1953లో హిందీ అనార్కలి చిత్రమునకు సి. రామచంద్ర కూర్చిన ప్రసిద్ధమైన వరుస 1955 నాటి తెలుగు అనార్కలిలో వినబడినది. అదే సంవత్సరము మిస్సమ్మ చిత్రమునకు సాలూరి రాజేశ్వరరావు కూర్చిన బృందావనపు పాట వరుస, 1957లో హిందీ మిస్ మేరీలో ప్రవేశించి ఉత్తరదేశమంతయు తిరిగినది. ఆ హిందీ చిత్రమునకు సంగీత దర్శకుడు హేమంతకుమారుడు. నిర్మాతల నడుమ బేరసారములు సక్రమముగనే జరిగియుండవచ్చును. వానితో మాకు పనిలేదు. ఆ పాటకు తలయూచిన ఉత్తరాది శ్రోతలలో రాజేశ్వరరావు పేరు విన్నవారెందరని మాత్రమే మా ప్రశ్న. తెలుగు అనార్కలికి తలయూచిన మనలో రామచంద్ర పేరు తలచినవారెందరని వారును మనలను అడుగవచ్చును. ఆదినారాయణరావు అదృష్టవంతుడు. సువర్ణసుందరి హిందీలోనికి పోయినప్పుడు వరుసలతోపాటు తానును పోగలిగెను.

ఇక శాసనము మాట. యంత్రముపై పాట మ్రోగనేర్చిన నాటినుండి శాసనకర్తలకు ఒక భయము పట్టుకొన్నది. మంచి పాటలన్నిటి హక్కులను ఒక్క కంపెనీయే కొని కూర్చున్నచో లోకమున మరి యెవ్వరును పాడుటకు వీలులేకపోవునే యని. కావుననే అమెరికావారు 1909లోను, ఆంగ్లేయులు 1911లోను, ఒకసారి యంత్రమున కెక్కిన పాటను నిర్ణీతమైన రుసుము చెల్లించి ఇతరులును ఎక్కించుకొనవచ్చునని చట్టము చేసిరి. 1914లో ఆంగ్ల చట్టమే మనకును వచ్చినది. 1957వ సంవత్సరపు మన కాపీరైటు చట్టములోను ఈ సూత్రము నిలిచినది. ముందుగ నోటీసు, ముందుగ రాయల్టీ, ఆపైన పాడుకొనుము. ఇదియే దాని సారాంశము.

ఈ సూత్రము కేవలము కాగితముపై నుండినంతకాలము ఎవరును పట్టించుకొనలేదు. 1980 ప్రాంతముల క్యాసెట్టు వచ్చుటతో టీ-సిరీస్ వంటి సంస్థలు పాత సినిమా పాటలను క్రొత్త గొంతులతో పాడించి చవుకగ అమ్మసాగెను. కోర్టులు వ్యాజ్యములతో నిండెను. రికార్డు కంపెనీలు తమ సొత్తు దోచుకొనబడుచున్నదని మొరపెట్టుకొన్నవి. ఆ మొరలో కొంత సత్యము లేకపోలేదు. అట్టపై పాత చిత్రపు పేరు పెద్దక్షరములతోను, క్రొత్త గాయకుని పేరు చీమతలకాయంతయు వేసినవారు లేకపోలేదు. కాని గ్రామఫోను రికార్డు కొనజాలని పేదవాని యింట పాట మ్రోగినది ఆ చవుక క్యాసెట్టు వలననే. చిత్రములలో నవకాశము దొరకని అనేక గొంతులకు అదియే జీవనాధార మయ్యెను.

ఈ కలహములో గేయకర్తయు స్వరకర్తయు ఎక్కడ నున్నారని అడుగవలసియున్నది. 1977లో సుప్రీముకోర్టు, నిర్మాత సొమ్మిచ్చి వ్రాయించుకొన్న పాటకు వేరొక ఒడంబడిక లేనిచో నిర్మాతయే స్వామి యని తీర్పు చెప్పెను. కృష్ణయ్యరు న్యాయమూర్తి ఆ తీర్పునకు తమ మాటలు చేర్చుచు, మన శాసనమున గాయకునకు చోటే లేకపోవుటను ఎత్తి చూపిరి. గాయకునకు చోటు 1994 సవరణతో దొరకినది. గేయకర్తలును స్వరకర్తలును 2012 వరకు కాచుకొనవలసివచ్చెను. ఆ సంవత్సరపు సవరణ ప్రకారము సినిమాహాలులో చిత్రము ఆడినప్పుడు తప్ప మరి ఏ విధముగ పాట వినియోగపడినను రాయల్టీలో సమభాగము కర్తలదే. దానిని వారు వ్రాసియిచ్చినను ఆ వ్రాత చెల్లదు. రాజ్యసభలో జావేద్ అఖ్తరు ఇందుకై చేసిన కృషి మరువరానిది.

ఆ సవరణయే కవరు పాటలను 31-సి యను క్రొత్త విభాగమున చేర్చినది. మేము ముఖ్యముగ పాఠకుల దృష్టికి తేదలచినది దీనినే. పూర్వము రెండేండ్లుగ నుండిన గడువు ఐదేండ్లయినది. ఇది న్యాయమే. క్రొత్త పాటకు తన కాలు తాను నిలద్రొక్కుకొను వ్యవధి కావలెను. కర్త అనుమతిలేనిదే పాటను మార్చరాదనుటయు న్యాయమే. అట్టపై పూర్వ గాయకుని పేరుగాని, బొమ్మగాని, చిత్రపు పేరుగాని వేయరాదనిరి. కొనువాడు మోసపోకుండుటకు చేసిన నియమమిది. దీనివలన కలిగిన వింత చూడుడు. పాత పుస్తకము “ఫలానా పాట వరుస” అని చెప్పి తీరవలసినచోట, క్రొత్త శాసనము మూలపు గాయకుని, చిత్రమును చెప్పవద్దనుచున్నది. గేయకర్త పేరును, స్వరకర్త పేరును చెప్పవద్దని మాత్రము ఎచ్చటను లేదు. అయినను చెప్పువారరుదు.

అసలు భారము మరియొకచోట నున్నది. పాట యొక్కటింటికి ప్రతిలు ఎన్ని తీసినను, ఏటికి కనీసము 50,000 ప్రతుల రాయల్టీ చెల్లించి తీరవలెను. బొంబాయి కంపెనీకిది లెక్క కాదు. బరంపురములోనో, బళ్లారిలోనో ఐదువందల మందికై పాత తెలుగు పాటలు పది పాడి అచ్చువేయదలచిన గాయకునకు ఇది తలుపు మూయుటయే. మరియు విభాగము ధ్వనిముద్రణమును గూర్చి మాత్రమే పలుకుచున్నది గనుక, బొమ్మతో కూడి యూట్యూబున వెలువడు పాటకు అందు చోటు వెదకుట కష్టము. అనగా 2012లో ద్వారము నిర్మించినవారు జనులు ఏ దారిని పోవుచున్నారో చూడలేదు.

ఆ విభాగమునందే యొక చిన్న మినహాయింపు కలదు. ఒక భాషలోని రచనలకు గల వ్యాప్తిని బట్టి ఆ భాషకు కనీస సంఖ్యను తగ్గించి సామాన్యాజ్ఞ యొసగవచ్చునని అందున్నది. హిందీ పాటకును తుళు పాటకును ఒక్క కొలపాత్ర పనికిరాదని శాసనకర్తలు గ్రహించిరన్నమాట. స్వరాష్ట్రములందు కోట్లకొలది జనులు పలుకు తెలుగునకు దీని యవసరము తక్కువ యని ఎవరైన ననవచ్చును. కాని అన్నమయ్య పదములనుకొని కొందరు పాడు క్రొత్త గేయములు, తమిళనాటి తెలుగువారి కోలాట పాటలు, ఒడిసా తీరపు తెలుగు పాటలు కోట్ల సరకులు కావు. మన సంఘములలో న్యాయవాదులకు కొదవ లేదు. వార్షికోత్సవమునకు శాలువలు కొనుటయందు చూపు శ్రద్ధలో పాలుపంచి ఇట్టి మనవి నొకదానిని సిద్ధము చేయరాదా?

ఇక 2017 మార్చిలో జరిగిన సంగతి. అమెరికాలో కచేరీలు చేయుచుండిన బాలసుబ్రహ్మణ్యమునకు, తన పాటలను అనుమతిలేక పాడరాదని ఇళయరాజా నోటీసు పంపించెను. తెలుగు నాడంతయు కలతపడెను. చట్టము తమకు తెలియదని చెప్పి బాలసుబ్రహ్మణ్యము ఆ పాటలు మానివేసిరి. 2019లో ఇరువురును మరల ఒక వేదికపై కలిసిరి గనుక ఆ గాయమును మేము కెలుకదలచలేదు. కాని నాటి వాదములలో సగము జనులు గాయకుని పక్షమునను, సగము స్వరకర్త పక్షమునను నిలువగా, సాగరసంగమపు పాటలు వ్రాసిన వేటూరి పక్షమున నిలిచినవారిని మేము వేళ్లపై లెక్కింపగలము. 2024 ఏప్రిలులో మదరాసు హైకోర్టు న్యాయమూర్తులే ఈ ప్రశ్న వేసిరి. మాట లేనిదే పాట లేదు గదా, గేయకర్త కూడ హక్కు కోరినచో ఏమగునని. మా యభిప్రాయమున సభలలో పాడుటకు అనుమతి తెచ్చుకొనవలసిన బాధ్యత టిక్కెట్లమ్మి సభ చేయువానిదిగాని, గొంతెత్తి పాడువానిది కాదు. ఇందుకై 1969 నుండి ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ యున్నది. దానికి రుసుము కట్టినచో కర్తకు చేరవలసినది చేరును, గాయకుడు పాడును. ఒకని అన్నము మరియొకని గొంతు నొక్కుటవలన రావలసిన పనిలేదు.

రాగము ఎవ్వరి సొత్తును కాదు. రాగమున కూర్చిన కృతి మాత్రము కర్త సొత్తు. ఈ రెంటి నడుమ గీత యెక్కడ గీయవలెనో న్యాయస్థానములకే తేలుట లేదు. 2025 ఏప్రిలులో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి యొకరు, పొన్నియిన్ సెల్వన్ రెండవ భాగములో రెహమాను కూర్చిన పాటకు డాగరు సోదరుల శివస్తుతి మూలమని ప్రథమదృష్టికి తోచుచున్నదని, వారి పేరు వేయవలెననియు రెండు కోట్ల రూపాయలు కోర్టున నుంచవలెననియు మధ్యంతరాజ్ఞ చేసిరి. సెప్టెంబరులో డివిజను బెంచి దానిని రద్దుపరచెను. తీర్పు ఎట్లున్నను, ఆ కుటుంబము మొదట కోరినది తమ పెద్దల పేరు అని మరువరాదు.

మరల మా యింజనీరు మాట. దేవదాసు రికార్డు వెలువడి 60 ఏండ్లు దాటినది గనుక ఆ ధ్వనిముద్రణముపై హక్కు 2013తోనే ముగిసినది. స్వరకర్త సి. ఆర్. సుబ్బరామను చిత్రము విడుదల కాకమునుపే, 1952లో, చిన్న వయస్సున మరణించెను. కర్త మరణించిన పిదప 60 ఏండ్లకు స్వామ్యము తీరును. కావున ఆయన కూర్చిన వరుసలు 2013 ఆరంభమునుండి సర్వజనుల సొత్తు. గేయములు సముద్రాల రాఘవాచార్యుల పేరిట నున్నవి. ఆయన మరణించినది 1968లో. వాని హక్కు 2028 తుదివరకు నిలుచును. అనగా ఆ పాటలో రాగాలాపన చేసినంతసేపు మా మిత్రుడు స్వతంత్రుడు, నోరు తెరచి మాట పలికిన క్షణమున ఋణగ్రస్తుడు! యంత్రమునకు ఈ భేదము తెలియదు. మాట, వరుస, రికార్డు అను మూడింటిని ఒక్క మూటగట్టి యొకరికే అంటగట్టుచున్నది.

రాబడిని గూర్చి అతడు పోరాడనవసరము లేదనియు, తాఖీదు రికార్డుమీదనో వరుసమీదనో ఆధారపడినదైనచో మాత్రము గడువు తీరినదని జవాబు వ్రాయవచ్చుననియు చెప్పితిమి. దానితోపాటు పాట తలపై గేయకర్త పేరు, స్వరకర్త పేరు, చిత్రపు పేరు, సంవత్సరము వ్రాయుమని కోరితిమి. అతడు సంతోషముగ నొప్పుకొని మరునాడే వ్రాసి మాకు చూపించెను. గేయకర్త పేరు సరిగనే యున్నది. స్వరకర్త స్థానమున ఘంటసాల యని యున్నది. దిద్దుమని తిరిగి పంపితిమి.