చేయి మఱచిన విద్య



మౌసల పర్వమున నొక ఘట్టము కలదు. కృష్ణ నిర్యాణానంతరము ద్వారకయందలి స్త్రీలను వెంటబెట్టుకొని వచ్చుచున్న యర్జునునిపై ఆభీరులు కఱ్ఱలు చేతబట్టి పడుదురు. గాండీవము నెక్కిడుటయే యాతనికి దుర్ఘటమగును. ఎఱిగిన యస్త్రములు తలపునకు రావు. ఖాండవము దహించిన చేయి యది! దైవబల ముడిగినదని వ్యాసులవారి తీర్పు. అది యటులుండనిండు. నేర్చిన విద్య చేతిని విడిచిపోవుట కవికల్పన మాత్రము కాదు. అమెరికా దేశమున బేసుబాలు ఆడువారి కీ యాపద యప్పుడప్పుడు కలుగుచున్నది. దానిని వారు యిప్స్ అందురు. గాల్ఫు ఆటగాడగు టామీ ఆర్మర్ ఈ మాటను వాడుకలోనికి దెచ్చెను.

మగవారి బంతియాటతో మనకేమి పని యందురేమో. ఆ దేశమున కాపురముండు తెలుగువారి యిండ్లనుండియు బిడ్డలు ఈ యాటకు బోవుచున్నారు; బాలికలు దీనికి చెల్లెలివంటి సాఫ్టుబాలు నాడుచున్నారు. బిడ్డ చేయి మొరాయించిననాడు మైదానమున శిక్షకుని పని శిక్షకుడు చూచుకొనును. సాయంకాల మింటికి వచ్చిన బిడ్డతో నేమనవలెను, ఏమనరాదు అనునది మాత్రము తల్లి పనియే.

ఈ యాటలో పిచ్చరనువాడు చిన్న మిట్టపై నిలిచి, 60 అడుగుల 6 అంగుళముల దూరమున నున్న పలకమీదుగా బంతిని విసరును. ఆ పలక వెనుక గూర్చుండి యందుకొనువాడు క్యాచరు. బేసునకు బేసునకు నడుమ 90 అడుగులు. వేలకొలది పర్యాయములు విసరగా విసరగా నీ దూరములు వారి చేతులకే తెలిసిపోవును.

పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టున స్టీవ్ బ్లాస్ అను పిచ్చరుండెను. 1971లో వరల్డ్ సిరీస్ కడపటి యాటను గెలిచి యిచ్చినవా డాతడే. 1972లో 19 ఆటలు గెలిచెను. 1973 వచ్చునప్పటికి బంతి చెప్పినమాట వినదాయెను. ఆ యేడు గెలిచినవి 3, ఓడినవి 9. 89 ఇన్నింగ్సులైన నిండకుండ 84 మందికి ఊరక బేసు నిచ్చివైచెను. చేతికి దెబ్బ లేదు, బలము తగ్గలేదు. 1975లో ఆట చాలించుకొనెను. ఇట్టి యవస్థకు బ్లాస్ రోగమని పేరు నిలిచిపోయినది. పాపము, గెలిచిన యాటలకు పెట్టరైరి గాని యీ రోగమునకు మాత్రము ఆయన పేరు పెట్టిరి!

ఇందలి వింత యేమనగా, కష్టమైన విసరు సాగును, సులభమైనది సాగదు. న్యూయార్కు మెట్స్ జట్టు క్యాచరగు మ్యాకీ సాసర్ దూరపు రెండవ బేసునకు బంతిని చక్కగా విసరగలిగెడివాడు. ఎదుటనున్న పిచ్చరునకు దానిని మెల్లగా తిరిగి యిచ్చుటకు మాత్రము చేయి రాదు. రెండుమూడు మాఱులు చేయి యాడించి యాడించి యాగిపోవును. చూచువారు ఎగతాళిగా లెక్కపెట్టెడివారు. చక్ నాబ్లాక్ 1997లో రెండవ బేసు కాపరులలో బంగారు తొడుగు బహుమాన మందినవాడు. 1999లో 26 తప్పులు చేసెను. 2000 జూన్ 17వ తేదీన నాతడు మొదటి బేసునకు విసరిన బంతి ప్రేక్షకులలోనికి బోయి యొక పెద్దావిడ ముఖమునకు దగిలెను. మఱుసటి యేడాతనిని మైదానపు టంచునకు బంపిరి.

ఇట్లేల యగును? ముగ్గు పెట్టునప్పుడు వ్రేళ్లసందున పిండి యెంత జారవలెనో మనమెవ్వరమును లెక్కింపము. పెండ్లిచూపులవారు వాకిట నిలిచి చూచుచుండగా బొటనవ్రేలి నిట్లు కదల్పవలెనని తలచితిమా, గీత వంకర పోవును. మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు చెప్పునదియు నిట్టిదే. బాగుగా నభ్యాసమైన పని బుద్ధి యదుపు లేకయే నడచును. ఒక తప్పు జరిగి, దానివలన భయము పుట్టి, ఆ భయముచే మనసు మరల చేతికి కావలి కాయ మొదలిడినచో, కలిసి నడచుచున్న పని ముక్కలగును. అందుచేతనే తీరిక దొరకని విసరు తప్పదు; ఆలోచించుటకు వ్యవధి యున్న విసరే తప్పును.

అయినను అన్నియు మనసు కల్పితములనుట యన్యాయము. గాల్ఫు ఆడువారిని పరీక్షించిన మేయో క్లినిక్ వైద్యులు, కొందఱియందు నరముల దోషమే యున్నదని కనుగొనిరి. అది యొక్క పనియందే కండరములను మెలిపెట్టును. వ్రాతపనివారికిని, వాద్యములు వాయించువారికిని గూడ వచ్చుచుండును. కావున బిడ్డ చేయి మెలిదిరుగుటయో, వణకుటయో, నొప్పియో యున్నచో ముందు వైద్యునికి జూపవలెను. “నీదంతయు పిఱికితనము” అను మాట యింట నెవ్వరినోటను రాకూడదు. సాసర్ సంగతి చూడుడు. ఆట విడిచిన యెన్నో యేండ్లకు మనోవైద్యుల యొద్ద గూర్చుండి, బాల్యపు దుఃఖములను, ఆటలో దగిలిన దెబ్బలను దలచుకొని తలచుకొని చెప్పిన పిమ్మటనే యాతనికి నెమ్మది కలిగెను. నవ్విన వేలమందిలో నెవరికి దెలియును ఆ సంగతి?

ఇక చేయదగినది. మోచేయి యెత్తుము, మణికట్టు వంచకుము అని పదిమంది పదివిధముల బోధించుట యగ్నికి ఆజ్యము పోయుటయే. చూపు చేతిపై గాక గుఱిపై నుండవలెను. ద్రోణుడు చెట్టుమీది పక్షిని జూపి యడిగినప్పుడు అర్జునునకు దాని తల దప్ప మఱియేమియు గానరాలేదు గదా. నేటి పరిశోధకులును దృష్టిని గుఱియందుంచినవారే మేలుగా విసరుదురని చెప్పుచున్నారు. తొలుత దగ్గఱనుండి, చూచువారు లేనిచోట, గోడకైనను విసరుచు దూరమును మెల్లమెల్లగా హెచ్చింపవలెను. ప్రతి విసరునకు ముందొకే విధమున నూపిరి విడిచి యొకే విధమున నిలుచుట మేలు. ఈ నడుమ ఇంట “ఈరోజు ఎన్ని తప్పినవి?” అని యడుగకుండుట కష్టమే గాని, అడుగరాదు. భోజనమునకు బిలిచిన చాలును.

స్టీవ్ శాక్స్ కథ మా కన్నిటికంటె ప్రియమైనది. లాస్ ఏంజెలిస్ డాడ్జర్సు జట్టున 1982లో నూతనులలో నుత్తముడనిపించుకొని, 1983లో రెండవ బేసునుండి 30 తప్పులు చేసెను. అప్పుడు తండ్రి, తనకును చదువుకొను దినములలో నిట్లే జరిగినదనియు, ఒకనాటి యుదయమున లేచునప్పటికి పోయినదనియు జెప్పెనట. కొద్ది గంటలకే యాయన గుండె జబ్బుతో మరణించెను. తండ్రి గెలిచినదానిని తాను గెలువలేనా యని కొడుకు పట్టుదల పూనెను. చేయి తిరిగి వచ్చెను. 1989లో న్యూయార్కు యాంకీసు జట్టున నుండి అమెరికన్ లీగు రెండవ బేసువారిలో తప్పుల పాలు అతిస్వల్పముగా నున్నవా డాతడే. తండ్రి కట్టి యాపద యెన్నడును రాలేదని తల్లి తరువాత నెప్పుడో చెప్పినదని శాక్సే చెప్పుకొన్నాడు. బొంకదగిన తావులను లెక్కించిన శుక్రాచార్యు లిది మఱచినట్లున్నారు.

అందఱికిని విద్య వచ్చిన దారినే తిరిగి రాదు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు పిచ్చరు రిక్ ఆంకియల్ 21 ఏండ్ల పిన్నవాడు. 2000 అక్టోబరు 3వ తేదీన ఒక్క ఇన్నింగ్సులో 5 బంతులను క్యాచరున కందకుండ విసరెను. 1890 తరువాత పెద్ద లీగులలో నెవ్వరు నట్లు చేసి యుండలేదు. నాలుగేండ్లకు పైగా ప్రయత్నించి, 2005లో పిచ్చరు పని మానుకొనెను. కాని యాట మానలేదు. బంతి కొట్టుట నేర్చి, దూరపు మైదానమున గాపరియై, 2007 ఆగస్టు 9వ తేదీన మరల సెయింట్ లూయిస్‌లో నిలిచి, ఆనాడే హోం రన్ కొట్టెను. 2008 మే 6వ తేదీన డెన్వరులో, మైదానపు మాఱుమూలనుండి యాతడు రెండు పర్యాయములు మూడవ బేసునకు విసరెను. రెండును నేల దాకకుండ సూటిగా వచ్చి కాపరి చేతిలో బడినవి. పరుగెత్తుకొని వచ్చినవా రిరువురును అవుటైరి. విసరినది ఆ యెడమ చేయియే.