రేడియోలో చెప్పిన మాట

కిందటి వేసవిలో అమ్మావాళ్ళింటికి సున్నాలు వేయిద్దామని అటక మీది సామానంతా దించాం. ఇత్తడి గుండిగలు, చెదలు పట్టిన వారపత్రికలు, వాటి వెనకాల తోలు తొడుగులో మా పాత ట్రాన్సిస్టరు. ఆ తొడుగులోనే నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది. మా అమ్మాయి దాన్ని విప్పి చదివి, "అమ్మమ్మా! నువ్వు రేడియోలో మాట్లాడావా? ఏదీ, ఒకసారి వినిపించవూ!" అంది. ఈ కాలం పిల్ల కదా! ఎవరు ఎప్పుడు మాట్లాడినా అది ఎక్కడో ఒకచోట దొరికి తీరుతుందని దాని నమ్మకం.

అమ్మ నవ్వి ఊరుకుంది. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి తగ్గినప్పటి నుంచి ఆవిడకి మాట ముద్దగా వస్తుంది. ఒకప్పటి ఆ గొంతు మా అమ్మాయి ఇక వినలేదు. ఆ సంగతి నాకప్పుడే తట్టింది.

ఆ కాగితం రేడియో స్టేషను వాళ్ళు 1994లో పంపిన కాంట్రాక్టు. అప్పట్లో మహిళల కార్యక్రమానికి మనం రాసి పంపితే, నచ్చినవాటికి తేదీ, టైము వేసి పోస్టులో కాంట్రాక్టు పంపేవారు. దాని మీద సంతకం పెట్టి తిప్పి పంపాలి. ఆ రోజున వెళ్ళి చదివి వస్తే తర్వాత చెక్కు వచ్చేది. అమ్మ ఎవరికీ చెప్పకుండా 'ఆడపిల్ల చదువు' గురించి రాసి పంపింది. కాంట్రాక్టు వచ్చాక గానీ నాన్నగారికి తెలియలేదు. "వంటలో, వ్రతాలో చెప్పుకోక చదువుల సంగతి నీకెందుకు?" అని విసుక్కున్నారు. విసుక్కున్నా, పొద్దున్నే ప్యాసింజరు బండికి మమ్మల్ని తీసుకెళ్ళింది మాత్రం ఆయనే.

నాకప్పుడు ఏడేళ్ళు. అద్దాల గది, తలుపు వేస్తే బయటి చప్పుడేదీ వినపడదు. గాజులు చప్పుడవుతాయి, తీసి పక్కన పెట్టమన్నారు. మట్టిగాజులు తీయడానికి అమ్మకి మనసొప్పలేదు. నాన్నగారి చేతిరుమాలు అడిగి తీసుకుని, గాజులు కదలకుండా గట్టిగా కట్టుకుని కూర్చుంది.

ప్రసారమయ్యే రోజు మధ్యాహ్నం మా వసారాలో చోటు చాల్లేదు. పక్కింటి పిన్నిగారు, ఎదురింటి బామ్మగారు, కుట్టుమిషను అక్కయ్య... అందరూ వచ్చారు. ఎనిమిది నిమిషాలు. చివర్లో అమ్మ, "పెళ్ళి కుదిరిందని నా బి.ఏ. రెండో ఏడుతో ఆపేశారు. మా అమ్మాయిని మాత్రం డిగ్రీ పూర్తయ్యాకే అత్తవారింటికి పంపుతాను" అంది. నాన్నగారు చదువుతున్న పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు.

నూట పాతిక రూపాయల చెక్కు అమ్మ పేరు మీద వచ్చింది. దాన్ని మార్చుకోవడానికే ఆవిడ మొదటిసారి బ్యాంకులో ఖాతా తెరిచింది.

నా ఇంటర్ కాగానే ఒక మంచి సంబంధం వచ్చింది. ఉద్యోగం ఉన్న కుర్రాడు, కట్నం పెద్దగా అడగలేదు. ఇంట్లో అందరూ సరేనన్నారు, ఒక్క అమ్మ తప్ప. "రేడియోలో చెప్పానండీ. వీధంతా విన్నారు. ఇప్పుడు మాట తప్పితే ఏ మొహం పెట్టుకుని తిరగను?" అంది. అప్పటికి పదేళ్ళయినా ఎదురింటి బామ్మగారు మర్చిపోలేదు. "అవునోయ్, నేనూ విన్నాను" అని నాన్నగారితో గట్టిగానే చెప్పారు. నా డిగ్రీ వెనకాల ఆ ఎనిమిది నిమిషాలున్నాయి.

పాత రేడియో అనగానే మనలో చాలామందికి పొద్దుటి భక్తిరంజని, సినిమాని గంటకి కుదించి వినిపించిన సంక్షిప్త శబ్దచిత్రం, వారం వారం నాటకం గుర్తొస్తాయి. మా మామ్మయితే రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు మాటల గురించి చెప్పి మురిసిపోయేది. నాకూ అవన్నీ ఇష్టమే. కానీ పాటలు ఇవాళ ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది మా వసారా. ఒక ఇల్లాలి మాటకి ఆమె వీధే సాక్ష్యం నిలిచిన ఆ మధ్యాహ్నం.

1938లో మద్రాసు స్టేషను వచ్చింది. నిజాం కాలంలో నడిచిన హైదరాబాదు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్, అనంతపురం, కర్నూలు వంటి చోట్ల లోకల్ స్టేషన్లు పెట్టారు. ఎక్కడి యాస అక్కడ వినిపించాలనే కదా ఆ ఏర్పాటు! న్యాయపతి కామేశ్వరమ్మగారు, ఆ తర్వాత కథా రచయిత్రి తురగా జానకీరాణిగారు 'రేడియో అక్కయ్య'లై పిల్లలకి సొంత మనుషులయ్యారు. ఇల్లు కదలని ఆడవాళ్ళు ఎందరికో, బయట మాట్లాడే ఆడగొంతు మొదట వినిపించింది ఆ పెట్టెలోంచే.

అలాగని అంతా బాగుండేదని నేననను. మహిళల కార్యక్రమాల్లో ఆవకాయలూ అల్లికలూ బాలింత జాగ్రత్తలే ఎక్కువ. ముందుగా రాసిచ్చింది తప్ప అదనంగా ఒక్క ముక్క మాట్లాడడానికి లేదు. చదవనూ రాయనూ వచ్చినవాళ్ళకే ఆ కాంట్రాక్టులు. పొలంలో నాట్లు వేసే ఆమె వినాలే గానీ, ఆమెని మాట్లాడమన్నవాళ్ళు తక్కువ. పైగా టేపులు ఖరీదైనవి. ప్రసారమైన కొన్నాళ్ళకి వాటిని చెరిపి, వాటి మీదే ఇంకొకటి రికార్డు చేయడం ఆనాటి రేడియోల్లో మామూలే. పెద్ద విద్వాంసుల కచేరీలు కొన్నయినా దాచారు. గృహిణుల ప్రసంగాలు ఎవరు దాస్తారు చెప్పండి?

తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది. 2001లో మన దేశంలో ప్రైవేటు ఎఫ్.ఎం. మొదలైంది. 2006కల్లా హైదరాబాదుకీ వచ్చేసింది. పాటలు, హుషారు కబుర్లు, ప్రకటనలు. ఏ ఊళ్ళో పెట్టినా ఒకటే ధోరణి. ఫోను చేసి పాట అడగొచ్చు గానీ, ఎనిమిది నిమిషాలు మన మాట చెప్పుకునే చోటు అందులో ఎక్కడుంది?

"ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా, ఫోనుంటే చాలు" అంటారు మీరు. నిజమే, అది చిన్న లాభమేమీ కాదు. మా కింది వాటాలో ఉండే ఆవిడ పచ్చళ్ళ వీడియోలని అమెరికాలో కూడా చూస్తారు. కానీ మా వీధిలో ఎవరూ చూడరు! ఎవరి చెవిలో వాళ్ళ ఇయర్‌ఫోను. ప్రపంచమంతా విన్నా, రేపు మన మాటకి అండగా గుమ్మంలోకి వచ్చి నిలబడే బామ్మగారు మాత్రం వినరు.

ఆ చోటుని తిరిగి సంపాదించుకున్న ఆడవాళ్ళూ ఉన్నారు. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవడానికి 2006లో ప్రభుత్వం ఒప్పుకుంది. ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్‌లో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు 'సంఘం రేడియో' పెట్టుకున్నారు. లైసెన్సు రాకముందు కొన్నేళ్ళపాటు కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేసి, సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న వాళ్ళ గొంతు గాలిలోకి వెళ్ళింది. చిరుధాన్యాల విత్తనాలు, నాట్ల పాటలు, ఇంటి వైద్యం, ఊరి గొడవలు... అన్నీ వాళ్ళ తెలుగులోనే. వినేది చుట్టుపక్కల ఊళ్ళే. వాళ్ళకి కావలసిందీ అదే. మా అమ్మ కాలంలో రేడియో వదిలేసిన ఆడవాళ్ళే స్టూడియోలో కూర్చున్నారన్నమాట!

అందుకని నేననేది ఏమిటంటే, పాత రోజులు రావాలని దిగులు పడడం కాదు. ఊరూరా ఉన్న రేడియో స్టేషన్లు ఆ ఊరి గృహిణులకీ, కూలికి వెళ్ళే ఆడవాళ్ళకీ వారానికి ఒక అరగంట ఇవ్వాలి. పేరు, పారితోషికం, రికార్డు భద్రత, మూడూ ఉండాలి. ఇవ్వకపోతే మనమే ఉత్తరాలు రాసి అడగాలి. వెనకటి శ్రోతలు అడిగేవారు కాదూ?

ఆ సాయంత్రం మా అమ్మాయి పట్టు వదల్లేదు. ఫోను అమ్మమ్మ ముందు పెట్టి, "పోనీ, ఇప్పుడు చెప్పు" అంది. అమ్మ కాసేపు చూసి, పైట చెంగుతో గాజులు బిగించి పట్టుకుంది. తర్వాత ముద్దముద్దగా, ఆగి ఆగి, ఆ ఆఖరి మాట మళ్ళీ చెప్పింది. ఈసారి అందులో "మా అమ్మాయి" పోయి "మా మనవరాలు" వచ్చింది. డిగ్రీతో ఆపవద్దని కూడా చేర్చింది.

దాన్ని భద్రంగా దాచాం. మీ ఇంట్లోనూ ఒక అమ్మో అత్తగారో ఉండే ఉంటారు. ఆవిడ చెప్పదలచుకున్నదేమిటో ఇవాళే అడగండి. అడిగి, నలుగురినీ పిలిచి వసారాలో కూర్చోబెట్టి వినిపించండి.